ట్రిగ్గరు ఏ గదిలో కాపురం ఉండాలి?

ఒక ప్రోగ్రామును కంప్యూటరులో ఏ గదిలో దాచాలన్న విషయం మీద మా ఆఫీసులో పదకొండు రోజులు పోట్లాట జరిగిందంటే ఇప్పుడెవరూ నమ్మరు. పోట్లాడిన ఇద్దరిలో ఒకణ్ణి నేను. అప్పటికి నాకు యాభై నాలుగేళ్ళు. ఎస్సెల్సీ రెండుసార్లు తప్పినవాణ్ణి. రెండో మనిషి హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు అమ్మాయి. ఓడిపోతే ఆ అమ్మాయికి పోయేదేమీ లేదు. నాకు మాత్రం కుర్చీ పోతుంది. అది అల్లాటప్పా కుర్చీ కాదు. మే నెల బెజవాడలో ఏసీ కింద వేసిన కుర్చీ.

మాది వన్ టౌనులో బెల్లం, చింతపండు, పప్పుల హోల్‌సేలు వ్యాపారం. మాది అన్నానే గానీ వ్యాపారం షావుకారు గారిది. నేను గొడౌను గుమాస్తాగా చేరినవాణ్ణి. కింద కొట్టు, మేడ మీద ఆఫీసు, ఆఫీసు చివర అద్దాల గది. సరుకంతా భవానీపురం గొడౌనులో ఉండేది. తొంభైల మొదట్లో ఆ అద్దాల గదిలోకి సర్వరు వచ్చింది. చిన్న ఫ్రిజ్జంత నల్లపెట్టె. దానితోపాటు బీరువాడు ఇంగ్లీషు పుస్తకాలు కూడా దిగాయి. బిగించడానికి వచ్చిన మనిషి షావుకారు గారితో, "ఆ పెద్దాయన్ని మాత్రం దీని దగ్గరికి రానివ్వకండి సార్" అన్నాడు. పెద్దాయన అంటే నేను. నాకప్పుడు నలభై ఏడేళ్ళు! ఆ మనిషికి ఎడమ కనుబొమ్మ పక్కన పుట్టుమచ్చ ఉంది. మనిషి ఇప్పుడెక్కడున్నాడో తెలియదు గానీ ఆ మచ్చ మాత్రం నాకు రోజూ కనిపిస్తుంది.

ఆ కోపంతోనే చదివాను. మా అమ్మాయి ఇంటర్లో వాడి పడేసిన డిక్షనరీ ఒక చేత, మాన్యువలు ఒక చేత. మొదటి పుస్తకం అయ్యేసరికి చింతపండు కొత్త పంట వచ్చింది. మూడో పుస్తకం అయ్యేసరికి, రిపేరుకి వచ్చే మనుషులు తమకి తెలియని సంగతులు నన్ను పక్కకి పిలిచి అడగడం మొదలుపెట్టారు. పనిలో పనిగా గుమాస్తాల ఇంగ్లీషు కూడా దిద్దుతున్నానని అందరూ కలిసి నాకు 'మాస్టారు' అని పేరు పెట్టారు. వెటకారానికే పెట్టారు. ఏడాది తిరిగేసరికి వెటకారం అరిగిపోయి మాస్టారు మిగిలాడు.

ఇక గది సంగతి. సర్వరు లోపల ఫైళ్ళనీ ప్రోగ్రాములనీ విడివిడి చోట్ల పెట్టుకోవచ్చు. పుస్తకాల్లో ఆ చోటుని లైబ్రరీ అన్నారు. లైబ్రరీ అంటే నాలుగు పుస్తకాలైనా ఉండొద్దూ? అందుకని నేను గది అన్నాను. ఆఫీసంతా గది అనే అంది. డేటా ఫైళ్ళకి ఒక గది, ప్రోగ్రాములకి ఒక గది. ఇవి కాక ఎవరు పడితే వాళ్ళు ఏది పడితే అది పడేసుకునే గది ఇంకొకటి ఉండేది. దాన్ని అందరి గది అనేవాళ్ళం.

ట్రిగ్గరు అంటే ఏమిటో కూడా చెప్పాలి. మా పెద్దమ్మ ఒకావిడ ఉండేది. గుమ్మంలో చెప్పుల చప్పుడు వినపడితే చాలు, ఎవరొచ్చారో చూడకుండానే పొయ్యి మీద కాఫీ నీళ్ళు పడేసేది. ట్రిగ్గరు అలాంటి ప్రోగ్రాము. దాన్ని ఎవరూ పిలవరు. ఫైలులో కొత్త లైను పడగానే అదే లేచి తన పని చేసుకుపోతుంది. మా గుమాస్తా వన్ టౌనులో కూర్చుని 'ఫలానా కొట్టుకి ఇరవై బస్తాల కందిపప్పు' అని లైను వెయ్యగానే, మా ట్రిగ్గరు లేచి, అంత సరుకు ఉందో లేదో చూసి, ఉంటే భవానీపురం గొడౌనులో ఉన్న ప్రింటరు మీద గేటు స్లిప్పు కొట్టించేది. ఆ స్లిప్పు చేతికొస్తే తప్ప మేస్త్రి బస్తా మీద చెయ్యి వెయ్యడు.

ఆ ట్రిగ్గరు రాసింది నేను. నేర్చుకునే రోజుల్లో అందరి గదిలో కూర్చుని ట్రై-1, ట్రై-2 అని పేర్లు పెట్టుకుంటూ తొమ్మిది రకాలుగా రాశాను. ఏడోది పనిచేసింది. పనిచేసిన దాన్ని కదిలించకూడదని మా నాన్న ఎడ్లబండి ఇరుసు గురించి చెప్పేవాడు. ఆ మాట పట్టుకుని ట్రై-7ని ఉన్నచోటే ఉంచి, ఫైలుకి తగిలించేశాను. తర్వాత ఆ సంగతే మరిచిపోయాను. జ్ఞాపకశక్తికి నన్ను మించినవాడు లేడని పేరున్నవాణ్ణి. కనుబొమ్మ మీద మచ్చ గుర్తుంది, ట్రై-7 గుర్తులేదు.

తొంభైల చివర ఒక దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు తక్కెడలకీ తూనికరాళ్ళకీ తాళంకప్పలకీ బొట్లు పెట్టాం. సర్వరుకీ పెట్టాం. దాని తలుపుకి పసుపు రాసి మూడు కుంకుమ బొట్లు దిద్ది, నెత్తిన నిమ్మకాయ పెట్టాం. సాంబ్రాణి ధూపం మాత్రం అద్దాల గదిలోకి రానివ్వనని నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను.

"పొగ పడితే డిస్కు పాడవుతుందని పుస్తకంలో రాశారండీ."

"అమ్మవారికి వేసే పొగకి కూడా పాడవుతుందంటారా మాస్టారూ?" అన్నారు షావుకారు గారు.

"పుస్తకంలో ఆ పొగకి మినహాయింపు ఇవ్వలేదండీ."

ఆయనకి కష్టం తోచింది గానీ ఊరుకున్నారు. అందరూ కొబ్బరిచెక్కలు పట్టుకుని వెళ్ళిపోయాక నేనొక్కణ్ణే సర్వరు ముందు కూర్చున్నాను. పైన తుడిచాం, బొట్టు పెట్టాం, బాగానే ఉంది. మరి లోపలో? లోపల మురికి అలాగే ఉంచి పైన పసుపు రాస్తే అదేం పూజ? భక్తి పొంగుకొచ్చింది. అందరి గది తెరిచి చూస్తే నా పాత చిత్తులన్నీ పడి ఉన్నాయి. ట్రై-1 నుంచి ట్రై-9 దాకా ఒక్కొక్కటే తుడిచేశాను. శుభ్రంగా ఉన్న గదిని చూసి కళ్ళు చెమర్చాయి కూడా.

పండగ సెలవు అయ్యాక పొద్దున్నే గుమాస్తా కేకేశాడు. "మాస్టారూ! ఫైలు లైను తీసుకోవడం లేదండీ!"

నిజమే, ఒక్క లైను కూడా తీసుకోలేదు. లైను పడగానే లేవాల్సిన ట్రిగ్గరు లేదు. ట్రిగ్గరు లేకపోతే లైను వెయ్యనివ్వనని ఫైలు మొండికేసింది. భవానీపురంలో స్లిప్పు లేదు. గొడౌను ముందు లారీల మీద లారీలు నిలబడిపోయాయి. షావుకారు గారు అద్దాల గది గుమ్మంలో నిలబడి, "ధూపం వెయ్యనిచ్చారు కాదుగా. అమ్మవారికి కోపం వచ్చింది" అన్నారు. కాసేపటికి నాకు అసలు సంగతి తట్టింది. వీపు మీద చెమట పట్టింది, ఏసీలో. ముందు జాగ్రత్తకి కాపీ తీసి దాచిన పాత టేపులోంచి ట్రై-7ని వెనక్కి తెచ్చేసరికి మధ్యాహ్నం అయింది.

"ఏమైందండీ?" అని అడిగారు షావుకారు గారు.

"మెషీన్లో చిన్న ఇబ్బందండీ" అన్నాను. అబద్ధమేం కాదు. ఏడేళ్ళుగా దాని పక్కనే కూర్చున్నవాణ్ణి, నేనూ మెషీన్లో భాగమే కదా.

షావుకారు గారు మాత్రం తన లెక్కన తాను సర్దుబాటు చేసుకున్నారు. అమ్మవారి కోపం చల్లారడానికి శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టారు. మెషీను పాతబడిందని కొత్తదానికి ఆర్డరు ఇచ్చారు. కొత్తదాన్ని చూసుకునే పని హైదరాబాదులో ఒక కంపెనీకి అప్పజెప్పాలనుకున్నారు. నన్ను పిలిచి, "మీరింక భవానీపురం గొడౌనులో ప్రశాంతంగా కూర్చోండి మాస్టారూ" అన్నారు.

ప్రశాంతంగా అన్న మాట చెవిన పడగానే నాకున్న ప్రశాంతత కాస్తా పోయింది. బీరువాడు పుస్తకాలు చదివింది బస్తాల మధ్య కునికిపాట్లు పడటానికా? "ఎవరో వస్తారంటున్నారుగా, వాళ్ళని రానివ్వండి. నాకంటే బాగా చెబితే నేనే లేచిపోతాను" అన్నాను. ఆయన సరేనన్నారు.

వచ్చిన ఇంజనీరుకి పాతికేళ్ళుంటాయేమో. ఊరు హైదరాబాదు అనుకున్నాను గానీ, తీరా అడిగితే మనమ్మాయే. మా కొట్టుకి రెండు వీధుల అవతల వాళ్ళ నాన్నగారిది ఇత్తడి సామాన్ల కొట్టు. అది రంజాను నెల. ఆ అమ్మాయి ఉపవాసం. ఆ సంగతి షావుకారు గారు రోజూ మరిచిపోయి మా ఇద్దరికీ రెండు కాఫీలు పంపేవారు. వెనక్కి పంపితే ఆయన నొచ్చుకుంటారని రెండూ నేనే తాగేవాణ్ణి. శుక్రవారం ఆయన ఉపవాసం కూడా కలిసి నా ముందుకి మూడు కాఫీలు వచ్చేవి. నిష్ఠగా ఉన్నవాళ్ళిద్దరూ నవనవలాడుతూ ఉండేవాళ్ళు. నాకు గుండెల్లో మంట పట్టుకుంది.

మొదటి రోజే ఆ అమ్మాయి తెల్లకాగితం మీద చతురస్రాలు గీసింది. "అంకుల్, డేటా ఒక గదిలో. ప్రోగ్రాములన్నీ ఇంకో గదిలో. ట్రిగ్గరు కూడా ప్రోగ్రామే కాబట్టి దాన్ని ప్రోగ్రాముల గదిలో పెడదాం. ఆ గది తాళం మా కంపెనీ దగ్గర ఉంటుంది."

"అంకులేమిటమ్మా? మీ నాన్న కొట్టు తెరిచినప్పుడు కొబ్బరికాయ కొనుక్కెళ్ళి ఇచ్చినవాణ్ణి. ఆయనకంటే పెద్దవాణ్ణి."

"అయితే పెదనాన్నా అనమంటారా?"

"...అంకులే కానీ."

"సరే అంకుల్. మరి మీరేమంటారు?"

"ట్రిగ్గరు ఫైలున్న గదిలోనే ఉండాలి. దాని కాపురం ఫైలుతోనే."

"ప్రోగ్రాముని తీసుకెళ్ళి డేటా గదిలో పెడితే వంటింట్లో చెప్పులు పెట్టినట్టుంటుంది అంకుల్."

"చెప్పులు కాదమ్మా, అట్లకాడ! అట్లకాడ వంటింట్లో కాక హాల్లో ఉంటుందా?"

ఇలా నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు నేను కొంచెం తగ్గి, పోనీ అందరి గదిలో ఉంచుదామా, ఇన్నాళ్ళూ అక్కడే ఉంది కదా అన్నాను. ఆ అమ్మాయి పెన్సిలు కింద పెట్టింది.

"వద్దు అంకుల్. ఎవరైనా పండక్కి శుభ్రం చేసేస్తే?"

నా నోట్లో కాఫీ నోట్లోనే ఉండిపోయింది. సర్వరులో ఎవరు ఎప్పుడు ఏం చేశారో అది తనే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. ఆయుధపూజ నాటి పేజీ ఆ అమ్మాయి చదివేసింది. తొమ్మిది తుడుపులు, తొమ్మిదింటి పక్కనా నా పేరు.

"షావుకారు గారికి చెప్పావా?" అన్నాను.

"ఆయన నన్ను ట్రిగ్గరు ఎక్కడ పెట్టాలో చెప్పమన్నారు. ఎక్కణ్ణుంచి పోయిందో అడగలేదు" అని మళ్ళీ చతురస్రాలు గీసుకోవడంలో పడింది.

నాకు ఇంకా మండింది. ఒక మాట అని ఉంటే తిరిగి పది అనేవాణ్ణి. అననివాళ్ళతో ఎలా పోట్లాడతాం? ఆ పూట ఇంటికెళ్ళి అన్నం సరిగా తినలేదు. మర్నాడు మాత్రం, వాదనకి మా భవానీపురం మేస్త్రిని తీసుకొచ్చాను. అంటే మనిషిని కాదు, ఆయన కథని.

మా వైపు బస్తాలు మోసేవాళ్ళ జట్టుని ముఠా అంటారు. ఒక్కో గొడౌనుకి ఒక్కో ముఠా, దానికొక మేస్త్రి. భవానీపురం గొడౌను మేం ఇంకో వ్యాపారి దగ్గర కొన్నది. షావుకారు గారు అప్పుడు కుర్రతనం మీద ఉన్నారేమో, వన్ టౌనులో తనకి అలవాటైన ముఠాని అక్కడికి తోలుకెళ్ళారు. వెళ్ళేసరికి గేటు ముందు ఈ మేస్త్రే తుండుగుడ్డ పరుచుకుని కూర్చుని ఉన్నాడు. వెనకాల పాతిక మంది.

"మీరు ఆయన మనుషులు కదయ్యా, ఆయనతో పొండి" అన్నారు షావుకారు గారు.

"మేం ఆయన మనుషులం ఎప్పుడూ కాదండీ. మేం ఈ గొడౌను మనుషులం. ఆయన కంటే ముందు ఇంకొకాయన ఉండేవోడు, ఆయన ముందు ఇంకొకాయన. షావుకార్లు వస్తారు, పోతారు. ముఠా ఎక్కడికీ పోదు. గోడలతో పాటు కొనుక్కున్నారు మమ్మల్ని."

వన్ టౌను ముఠా కూడా, "మేస్త్రి చెప్పింది న్యాయవేనండీ" అని వెనక్కి తిరిగింది. అక్కడి పద్ధతి అది.

"చూడమ్మా," అన్నాను, "రేపు కొత్త మెషీను వస్తుంది. డేటా గదిని టేపుకెక్కించి అందులో దింపుతాం. ముఠా గొడౌనుతో పాటే ఉంటే ఎటు తిప్పినా వెంట వస్తుంది. నీ పద్ధతిలో ముఠాని వేరే ఇంట్లో పెట్టావనుకో, ఎవడో ఒకడు ఆ ఇంటిని దింపడం మరిచిపోతాడు. అప్పుడు గొడౌను ఉంటుంది, మోసేవాడుండడు. ఒక్క లైను పడదు. దసరా మళ్ళీ వస్తుంది."

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది. "ఇది మాకు కాలేజీలో చెప్పలేదు అంకుల్."

"ఎలా చెబుతారు? మేస్త్రి కాలేజీకి రాడు."

అలాగని ఒప్పుకోలేదు. తాళం సంగతి, కొత్త ప్రోగ్రాము మార్చేటప్పుడు ఎన్ని గదులు తెరవాలన్న సంగతి తీసింది. అవీ నిజమే. పదకొండో రోజు షావుకారు గారికి మా ఇద్దరి గొంతులూ విసుగొచ్చాయి. "ముందు మాస్టారి పద్ధతిలో పెట్టండి. ఒక నెల చూద్దాం. కానీ మాస్టారూ, ఒక్క లారీ తేడాగా కదిలిందా, మీరు గొడౌనుకి వెళ్ళిపోవాలి" అన్నారు.

జనవరి నెల సగం దాటాక కొత్త మెషీను వచ్చింది. డేటా గది టేపులోంచి దిగింది. నేను అన్నట్టే ట్రిగ్గరు దాని వెంటే దిగింది, ఎవరూ వేలు పెట్టకుండా. మొదటి లైను వెయ్యగానే భవానీపురంలో స్లిప్పు వచ్చిందని ఫోను. ఆ వారం రోజులూ నా నడక వేరు.

ఆ ఊపులోనే ఇంకో పని చేశాను. కొత్తగా చేరిన క్లర్కుకి పని నేర్పాలి. అసలు ఫైలు మీద నేర్పితే తప్పులు పడతాయి. అందుకని డేటా గదికి అచ్చం అలాంటి నకలు గది ఒకటి తయారు చేశాను. ఇంజనీరు అమ్మాయిని పిలిచి చూపించాను. "చూశావా? గదికి నకలు తీస్తే ట్రిగ్గరుకి కూడా నకలు దానంతటదే వచ్చింది. నీ పద్ధతిలో వచ్చేదా?"

"రాదు అంకుల్. ఇది బాగుంది" అంది. ఆ మాటని నేను ఇంట్లో కూడా చెప్పుకున్నాను.

కొత్త క్లర్కుకి కొత్తగా పెళ్ళయింది. మామగారికి కొండపల్లిలో కిరాణా కొట్టు. ఆ ఏడు బెల్లం రాక తక్కువ. "మా అల్లుడు బెల్లం గొడౌను వాళ్ళ కంప్యూటరు ముందు కూర్చుంటాడు గానీ, మావకి ఒక్క దిమ్మ ఇప్పించలేడు" అని ఆయన ఊరంతా చెబుతున్నాడని క్లర్కు బాధపడుతూ ఉండేవాడు. నేను నకలు గది తెరిచి, "ఇది ఉత్తుత్తిది. నీ ఇష్టం వచ్చినట్టు కొట్టుకో. ఏం కొట్టినా ఏమీ కాదు" అన్నాను.

ఏం కొట్టినా ఏమీ కాదని ఒక మనిషితో చెబితే మనసులో ఉన్నదే కొడతాడు. నలభై బస్తాల బెల్లం అని కొట్టాడు. కొట్టు పేరు, ఊరు, మామగారిది. అతనికి చూడకుండా వచ్చిన అడ్రసు అదొక్కటే.

సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. క్లర్కు తీశాడు. అవతలి గొంతు నా కుర్చీ దాకా వినపడుతోంది.

"బాబూ! అల్లుడంటే నువ్వయ్యా! లారీ వచ్చింది!"

"ఏం లారీ అండీ మామయ్యగారూ?"

"ఏం లారీ ఏమిటి, బెల్లం లారీ! నలభై బస్తాలు! పూలదండ వేశాను. బొమ్మల పనివాళ్ళూ, థర్మల్ స్టేషను క్వార్టర్సు వాళ్ళూ కొట్టు ముందు బారులు తీరారు. కొండపల్లి అంతా నీ మాటే. మీ అత్తయ్య దిష్టి తీయించుకోమంటోంది నిన్ను!"

క్లర్కు నా వైపు చూశాడు. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "మాస్టారూ, ఇది ఉత్తుత్తిది అన్నారు" అన్నాడు ఏడుపు గొంతుతో.

నకలు గదిలో నకలు లైను పడింది. నకలు ట్రిగ్గరు లేచింది. నకలు ఫైలులో సరుకు ఉందని చూసుకుంది. స్లిప్పు మాత్రం నకలు కాదు. ఎందుకంటే స్లిప్పు భవానీపురం ప్రింటరుకే పంపాలని నేను ట్రిగ్గరు కడుపులో రాసిపెట్టాను. మేస్త్రికి స్లిప్పు స్లిప్పే. ఒక్క లారీ తేడాగా కదలకూడదన్నారు షావుకారు గారు. కదిలిన లారీ దండ వేయించుకుని నిలబడింది.

మర్నాడు పంచాయితీ. షావుకారు గారు, ఇంజనీరు అమ్మాయి, నేను, భవానీపురం నుంచి మేస్త్రి. కాఫీలు వచ్చాయి. రంజాను అయిపోయింది కాబట్టి ఆ అమ్మాయి తన కాఫీ తాను తాగింది. నాకు వచ్చిన ఒక్క కాఫీ కూడా నేను ముట్టుకోలేదు.

"ఫైలుతో పాటే ఉండాలన్నారు. ఉంది. ఫైలుకి నకలు తీస్తే వెంట వచ్చింది, వచ్చి నా బెల్లం కొండపల్లికి తోలింది" అన్నారు షావుకారు గారు. "ఇక మాస్టారూ..."

"సార్," అని అడ్డు వచ్చింది ఆ అమ్మాయి. "నేను చెప్పిన పద్ధతిలో పెట్టినా ఇదే జరిగేది. నకలు ఫైలు వెళ్ళి అసలు ట్రిగ్గరునే లేపేది. అది కూడా భవానీపురంలోనే స్లిప్పు కొట్టేది. ఇది గది తప్పు కాదు సార్. అంకుల్ నకలు గది చూపించినప్పుడు నేనూ బాగుందన్నాను. ప్రింటరు సంగతి నాకూ తట్టలేదు."

ఆ అమ్మాయి ఊరుకుని ఉంటే సరిపోయేది. వాళ్ళ కంపెనీకి తాళం దొరికేది. నేను గొడౌనుకి పోయేవాణ్ణి. ఈ అమ్మాయి చేత రెండోసారి కాపాడించుకోవడం నాకు భరించరాని అవమానంగా తోచింది. కనుబొమ్మ మచ్చవాడు ఆ మాట అన్నప్పుడు కూడా ఇంత తగల్లేదు. లేచి నిలబడ్డాను.

"షావుకారు గారూ, దసరాకి ట్రిగ్గరుని తుడిచేసింది నేనేనండీ. ఆయుధపూజ నాడు లోపల శుభ్రం చేద్దామని కూర్చుని, చిత్తు అనుకుని తుడిచేశాను. ఈ అమ్మాయికి మొదట్నుంచీ తెలుసు. చెప్పలేదు."

ఆయన కళ్ళజోడు తీశారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"అంటే... అమ్మవారికి కోపం రాలేదా?"

"లేదండీ."

"ధూపం వెయ్యనందుకు కాదా?"

"కాదండీ."

"మరి నేను పదహారు శుక్రవారాలు ఎందుకు పస్తున్నట్టయ్యా!"

మేస్త్రి తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి కప్పులోకి చూస్తోంది, భుజాలు కదులుతున్నాయి. షావుకారు గారి కోపం ఎటు పోవాలో తెలియక మేస్త్రి మీదికి మళ్ళింది. "నువ్వైనా చూసుకోవద్దా? కొండపల్లికి మనం ఎప్పుడైనా బెల్లం పంపామా?"

"స్లిప్పు వచ్చిందండీ, ఎత్తాం" అన్నాడు మేస్త్రి. "కానీ తప్పు నాది కూడా ఉందండీ. నేను పనిలో చేరినప్పుడు మా పాత మేస్త్రి ఒకటే చెప్పాడు. బస్తా భుజానికెత్తే ముందు తలెత్తి గోడ చూడరా, ఏ గొడౌనులో నిలబడ్డావో గోడ మీద రాసుంటది అని. ముఠా గొడౌనుతోనే ఉండాలండీ, అందులో మాస్టారి మాటకి తిరుగులేదు. కానీ గోడ చూడకుండా ఎత్తితే ఇట్టాగే ఉంటది."

ఆ అమ్మాయీ నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. ఇద్దరికీ ఒకేసారి తట్టింది గానీ, నాకే ముందు తట్టిందని నేను ఈ రోజుకీ అంటాను. ట్రిగ్గరు ఫైలున్న గదిలోనే ఉండాలి. ప్రింటరు పేరు మాత్రం దాని కడుపులో ఉండకూడదు. ఆ గది గోడ మీద, అంటే ఆ గదిలోనే విడిగా పెట్టిన చిన్న ఫైలులో, ఉండాలి. ట్రిగ్గరు లేవగానే ముందు తనున్న గది గోడ చూసుకోవాలి. అసలు గది గోడ మీద భవానీపురం అని రాసి ఉంటుంది. నకలు గది గోడ మీద నా కుర్చీ పక్కనున్న చిన్న ప్రింటరు పేరు రాసి ఉంటుంది. అక్కడ నలభై బస్తాలు కాదు, నాలుగు వందల బస్తాలు కొట్టినా వచ్చి పడేది నా ఒళ్ళోనే. ఆ పూటే ఇద్దరం కూర్చుని మార్చేశాం. పక్కపక్కన కూర్చున్నాం గనుక ఒకళ్ళ తప్పు ఒకళ్ళం చూసి సంతోషించాం కూడా.

కొండపల్లి బెల్లాన్ని వెనక్కి తెప్పించలేదు. తెప్పిస్తే అల్లుడి పరువు పోతుందని షావుకారు గారే వద్దన్నారు. అప్పట్నుంచి మా ఆఫీసులో ఉత్తుత్తి లైనుకి 'అల్లుడి సరుకు' అని పేరు పడింది. కాస్త పెద్ద స్లిప్పు వచ్చిందంటే చాలు, మేస్త్రి ఫోను చేసి అడిగేవాడు. "మాస్టారూ, ఇది మన సరుకేనా, అల్లుడి సరుకా?"

కుర్చీ సంగతి షావుకారు గారు వారం రోజులు తేల్చలేదు. తర్వాత ఒక మాట చెప్పారు. కుర్చీ మాస్టారిదే. ట్రిగ్గరు మాస్టారు చెప్పిన గదిలోనే. కానీ సర్వరులో దేన్నైనా సరే తుడిచే అధికారం మాస్టారికి ఉండదు. తుడవాలంటే హైదరాబాదుకి ఫోను చేసి ఆ అమ్మాయిని అడగాలి. ఇది అన్యాయమని నేను వాదించాను. తొమ్మిది పుస్తకాలు కంఠతా వచ్చినవాణ్ణి, చీపురు పట్టుకోవడానికి పర్మిషనా? ఎవరూ వినలేదు. ఆ అమ్మాయి మాత్రం ఎప్పుడు ఫోను చేసినా తీసేది. "ఏం తుడుద్దాం అంకుల్?" అనేది.

రెండువేల సంవత్సరం దాటాక కూడా చాలా ఏళ్ళు ఆ కుర్చీలోనే ఉన్నాను. ఏటా ఆయుధపూజకి నేను పాతగుడ్డ తీసుకుని సర్వరు దగ్గరికి వెళ్ళగానే షావుకారు గారు ధూపం పళ్ళెం బయటే వదిలి, వచ్చి అద్దాల గది గుమ్మంలో నిలబడేవారు. నిమ్మకాయ పెట్టేదాకా కదిలేవారు కాదు. నా ఆఖరి దసరాకి ఆయనకి మోకాళ్ళ నొప్పులు, కుర్చీ వేయించుకుని మరీ గుమ్మంలో కూర్చున్నారు.

"మాస్టారూ," అన్నారు, "బయట మాత్రమే తుడవండి."